ఒకటిన్నర అంగుళం

మాది కింద రెండు గదులు, పైన ఒక గది ఉన్న ఇల్లు. వీధివైపు గదిలో నా కుట్టు మిషను. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ పక్కనే కూర్చుని కుడుతున్నాను. ఊళ్ళో సగం మంది భుజాలూ నడుములూ నాకు కంఠతా వచ్చు. మనిషి నడిచొస్తుంటే చూసి ఛాతీ కొలత చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ ఇష్టం వల్ల వచ్చిందే.

పై గదికి దారి ఇంటి బయటనుంచి. గోడకి ఆనించిన ఇనుప మెట్లు. వానకి జారతాయి, ఎండకి కాలతాయి. ఒకప్పుడు ఆ గది మా పెద్దమ్మది. మా అమ్మకి అక్క. అమ్మ పోయేనాటికి నాకు ఐదేళ్ళు. అప్పట్నుంచి నన్ను పెంచింది ఆవిడే. ఆరేళ్ళ కిందట ఆవిడకి చూపు పోయింది. ఇనుప మెట్లు ఎక్కడం మానేసి, కింద లోపలి గదిలో మంచం వేయించుకుంది. ఎప్పుడైనా ఉక్కపోస్తే మాత్రం, “పై గదిలో కిటికీ తీస్తే ఎంత గాలి వచ్చేదిరా” అనేది. అంతే. అంతకు మించి అడిగే మనిషి కాదు.

“ఇంట్లోంచే మెట్లు ఉంటే అత్తయ్య కూడా ఎక్కగలరు కదండీ?” అంది మా ఆవిడ ఒక రోజు. “వడ్రంగిని పిలవండి.”

“వడ్రంగి ఎందుకు? కొలతా కోతా నాకు రావా? గుడ్డయితే ఏంటి, చెక్కయితే ఏంటి?”

“గుడ్డ తప్పు కోస్తే జేబురుమాళ్ళు కుట్టుకోవచ్చు. చెక్క తప్పు కోస్తే?”

“పొయ్యిలో పెట్టుకోవచ్చమ్మాయ్,” అంది లోపలి గదిలోంచి పెద్దమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

మిషను గదిలో వెనక గోడ పక్కన, పైకప్పులో సామాను ఎక్కించడానికి వదిలిన పెద్ద కంత ఉంది. దాని మీది పలకలు తీసేశాను. కింది నేల నుంచి పై నేలకి నూట నాలుగు అంగుళాలు. ఎనిమిదేసి అంగుళాల చొప్పున పదమూడు ఎత్తులు. పన్నెండు చెక్క మెట్లు, పదమూడోది పై గది నేలే. సుద్దముక్కతో గోడ మీద గీసుకున్నాను. ఉక్కు టేపు కింది కొస పెద్దమ్మే పట్టుకునేది. ఆవిడ వేలు నొక్కిందంటే మేకు దిగ్గొట్టినట్టే, కొస కదిలేది కాదు.

ఏడు ఆదివారాలు పట్టింది. రెండు పక్కలా ఏటవాలుగా నిలబెట్టే దూలాలకి గంట్లు కోశాను, పలకలు చిత్రిక పట్టాను, మరలు బిగించాను. రంపంపొట్టు అన్నం గిన్నెలోకి కూడా వచ్చేది. ఈ మధ్యలోనే మా ఆవిడ పై గదికి టైల్స్ వేయించింది. పాత గచ్చు మీదే సిమెంటు పరిచి వేసి వెళ్ళారు.

పన్నెండో మెట్టు బిగించి, దాని మీద నిలబడి, పై గదిలోకి అడుగు వేయబోయాను. బొటనవేలు టైలు అంచుకి తగిలింది.

టేపు పెట్టి చూశాను. తొమ్మిదిన్నర.

మళ్ళీ చూశాను. తొమ్మిదిన్నరే. టైల్స్ మందం నేను కలుపుకోలేదు. ఒకటిన్నర అంగుళం.

సరిగ్గా అప్పుడే కింద మా ఆవిడ, పక్కింటావిడని తీసుకొచ్చి చూపిస్తోంది. “మొత్తం ఆయనే కట్టారు. నూలుపోగంత తేడా కూడా లేదు.” ఆ మాట వింటూ నేను టేపు చుట్టేసి జేబులో వేసుకున్నాను. దూలాలు విప్పి, మళ్ళీ కొని, మళ్ళీ కోసి… ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నిజంగానే ఎవరికీ తెలియలేదు. మా ఆవిడకి తెలియలేదు, పక్కింటావిడకీ తెలియలేదు. కళ్ళున్నవాళ్ళ కాలు కళ్ళని అడిగి లేస్తుంది.

చూపు లేనివాళ్ళ కాలు మాత్రం, కింది మెట్టుని అడిగి లేస్తుంది.

పెద్దమ్మ మొదటిసారి ఎక్కిన రోజు నేను వెనకాలే ఉన్నాను. చెయ్యి గోడకి ఆనించి, పైకే లెక్కపెడుతూ ఎక్కింది. ఒకటి, రెండు, మూడు… పన్నెండు దాకా నేల మీద నడిచినట్టే. పదమూడో దగ్గర వేళ్ళు టైలుకి కొట్టుకున్నాయి. తూలింది. నేను పట్టుకున్నాను.

“ఆఖరిది ఎత్తుగా ఉందిరా.”

“అన్నీ ఒకటే పెద్దమ్మా. నీ కాలే బరువెక్కింది.”

“అంతేనేమో నాన్నా,” అంది. కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుని గాలి పీల్చుకుంది.

రెండు రోజుల తరవాత మళ్ళీ అడిగింది. ఈసారి కాలివేలు చిట్లింది కూడా. “నా తృప్తి కోసం ఒక్కసారి కొలువు నాన్నా.” మా ఆవిడ అక్కడే గుడ్డలు మడతపెడుతోంది. నేను టేపు సర్రున లాగి, మెట్టు మెట్టుకీ పెట్టి, గట్టిగా చదివాను. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. ఆఖరి దాని దగ్గర టేపు మీద తొమ్మిదిన్నర కనిపిస్తూనే ఉంది. నా నోరు మాత్రం ఎనిమిది అనే అంది.

పెద్దమ్మ తలాడించింది. “నువ్వు చదివాక ఇంకేముంది! నా కాలిదే తప్పు.”

ఆ తరవాత పదో రోజు, పొద్దున పదకొండు గంటలకి, నేను ఒక కోటుకి చేతులు అతుకుతున్నాను. మా ఆవిడ పైన ఉంది. “అత్తయ్యా, గాలి బాగా వస్తోంది, రండి!” అని కేకేసింది. పెద్దమ్మ నా వెనకనుంచే వెళ్ళింది. నా వీపుకి రెండు గజాల దూరంలో లెక్క వినిపిస్తోంది. తొమ్మిది… పది… పదకొండు… పన్నెండు…

లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. కానీ మిషను సూది గుడ్డలో దిగి ఉంది. ఈ ఒక్క కుట్టూ అయ్యాక లేద్దామనుకున్నాను.

పదమూడు వినపడలేదు.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా బతికింది. మంచం చుట్టూ బంధువులు. ఎవరో అడిగారు, ఎలా పడ్డావమ్మా అని. పెద్దమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పింది. “మెట్ల తప్పేం లేదు. వాడు కొలిచి మరీ చూపించాడు. నా కాలే…”

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ అదే మాట. పెద్దది, పైగా చూపు లేదు, ఎవరేం చేస్తారు? మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. “నేను పిలవకపోతే ఎక్కేవారు కాదు. నేనే చంపుకున్నాను,” అంటూ పడుకున్న చోటే ఏడ్చేది. నేను వీపు నిమిరేవాణ్ణి. నీ తప్పు కాదులే అనేవాణ్ణి. ఎవరి తప్పో చెప్పేవాణ్ణి కాదు.

ఆ వారంలోనే, మా ఆవిడ వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిన రెండు రోజుల్లో, నేను మెట్లు సరిచేశాను. పలకలు విప్పి ఒక్కోదాని కింద చెక్కబద్దలు పెట్టాను. మొదటి మెట్టుకి పలచనిది, పైకి వెళ్ళేకొద్దీ మందమైనది. చొక్కాలో వచ్చిన తేడాని ఒకచోట తేలకుండా కుట్టంతటా సర్దేస్తామే, అలాగ. ఇప్పుడు అన్నీ ఎనిమిదీ చిల్లరే. ఇంత చిన్న పని. రెండు రోజుల పని. ముందే చేసి ఉంటే…

నెల దాటింది. ఒక సాయంత్రం, ఆరు గంటలు కావస్తోంది. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. మా ఆవిడ పని చేసే మందుల కొట్టునుంచి ఇంకా రాలేదు. కరెంటు పోయింది. కిటికీలోంచి వచ్చే బూడిద రంగు వెలుగులో నేను గుండీలు కుడుతున్నాను. తడిసిన గోడ వాసన, మిషను నూనె వాసన. వాటి మధ్య, ఎక్కడినుంచో, ఇంకో వాసన. పెద్దమ్మ మోకాళ్ళకి రాసుకునే మందు వాసన. ఆ సీసా నేనే బయట పారేశాను.

వెనకాల మొదటి మెట్టు కిర్రుమంది.

వానకి చెక్క ఉబ్బిందనుకున్నాను.

రెండో మెట్టు. మూడోది. తొందర లేదు, తడబాటు లేదు. చెప్పులు లేని కాలు చెక్క మీద ఆనినప్పుడు వచ్చే మెత్తటి చప్పుడు. దానితోపాటు, ఊపిరిలాంటి లెక్క. నాలుగు… ఐదు… ఆరు…

నేను తల తిప్పలేదు. సూది పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

పది… పదకొండు… పన్నెండు…

ఆగింది.

కాలు గాల్లోకి లేచి దేన్నో వెతుకుతున్నట్టు… టైలు అంచుకి వేళ్ళు రాసుకుంటున్న చప్పుడు. సర్… సర్… దొరకలేదు. నిశ్శబ్దం. వాన.

మళ్ళీ మొదటి మెట్టు కిర్రుమంది. ఒకటి…

అలా ఎన్నిసార్లో. ప్రతిసారీ పన్నెండు దాకా. ప్రతిసారీ అక్కడే. పారిపోవచ్చు, వీధి తలుపు నా పక్కనే ఉంది. కానీ నాకు భయం కంటే ముందు ఇంకోటి తోసుకొచ్చింది. పిచ్చి ఆశ. సరిచేశానని చెబితే చాలు, వెళ్ళిపోతుందేమో!

టార్చి, టేపు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. టార్చి వెలుగులో ఎవరూ లేరు. ఖాళీ మెట్లు. ఒక్కోటీ ఎక్కాను. ఎక్కేకొద్దీ మందు వాసన ఘాటెక్కింది. పదో మెట్టు మీద కూర్చుని, టేపు కొస పన్నెండో మెట్టు మీద ఆనించి, టైలు అంచు దాకా నిలబెట్టాను.

“పెద్దమ్మా… సరిచేశాను. చూడు. ఇప్పుడు అన్నీ ఒకటే.”

టేపు కొస జారిపోతోంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. మూడోసారి పెట్టాను.

జారలేదు.

కొస పట్టుకున్న చెయ్యి తీసేశాను. అయినా నిలబడే ఉంది. మేకు దిగ్గొట్టినట్టు.

“చదువు నాన్నా.”

నా చెవి పక్కనే. ఊపిరి చల్లగా తగిలింది.

“ఎ… ఎనిమిదీ చిల్లర.”

“అప్పుడో?”

నేను కళ్ళు టేపు మీంచి తిప్పేసుకున్నాను.

“అప్పుడెంతుంది నాన్నా?”

కోపం లేదు. అదే నన్ను చంపింది. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పమన్నట్టు అడుగుతోంది. ఎనిమిది అనబోయాను. దేవుడి మీద ఒట్టు, అప్పుడు కూడా నా నోరు ఎనిమిది అనబోయింది. టేపు బిగుసుకుంది. ఉక్కు పట్టీ నా బొటనవేలిని కోసుకుంటూ, నెమ్మదిగా, కిందికి లాగుతోంది… లాగుతూనే ఉంది…

“తొమ్మిదిన్నర!” అని అరిచాను. “తొమ్మిదిన్నర పెద్దమ్మా! నాకు తెలుసు! కట్టిన రోజే తెలుసు! తెలిసే ఎనిమిదని చదివాను!”

టేపు వదులై, గలగలమంటూ మెట్ల మీంచి దొర్లి కింద పడింది. దొర్లుకుంటూ వెళ్ళి, తడిసిన చెప్పుల దగ్గర ఆగింది.

మా ఆవిడ. చేతిలో గొడుగు. నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడొచ్చిందో తెలియదు.

“తొమ్మిదిన్నర ఏంటి?” అంది.

మెట్ల మీదే కూర్చుని అంతా చెప్పేశాను. బద్దల సంగతితో సహా. ఆవిడ గొడుగు మడవకుండా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

“నెల రోజులు నేను ఏడుస్తుంటే… నా వీపు నిమిరారు కదా మీరు?”

తెగిన బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాను.

“ఆ చెయ్యేనా?” అంది.

ఆవిడ నన్ను వదిలి వెళ్ళిపోలేదు. వెళ్ళినా బాగుండేది. బంధువులకి ఫోన్లు చేసి నిజం చెప్పమంది. చెప్పాను. ఒకళ్ళిద్దరు తిట్టారు. మిగతావాళ్ళు, “పోనీలే, జరిగిందేదో జరిగింది” అన్నారు. తిట్టినవాళ్ళే నయం. మెట్లు పీకేస్తానన్నాను. “వద్దు. ఆవిడ ఎక్కాలనుకున్నారు, ఎక్కనివ్వండి,” అంది.

మర్నాటి నుంచి మా ఆవిడ రోజూ ఆరు కొట్టేసరికి పైకి వెళ్ళి, పై గది నేల అంచున కూర్చునేది. కాళ్ళు పన్నెండో మెట్టు మీద పెట్టి, కుడి చెయ్యి ముందుకి చాచి. నేను మిషను దగ్గరే ఉండేవాణ్ణి. చప్పుడు రోజూ వచ్చేది. పన్నెండు దాకా. ఆగిపోయేది. మా ఆవిడ గొంతు మెల్లగా వినిపించేది. “ఇంకొక్కటే అత్తయ్యా. చెయ్యి ఇటివ్వండి.” చప్పుడు మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలయ్యేది.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. తొమ్మిదో రోజు, అంటే నిన్న.

పది… పదకొండు… పన్నెండు…

“ఇంకొక్కటే. నేనున్నాను. ఆ… అంతే.”

పదమూడు.

విన్నాను. స్పష్టంగా విన్నాను. టైలు మీద మెత్తగా ఆనిన పాదం. పై గదిలో కిటికీ తలుపు తెరుచుకుంది. కంతలోంచి గాలి దిగి, నా ముందున్న గుడ్డముక్కల్ని కదిలించింది. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. అయిపోయిందనుకున్నాను. ఎక్కేసింది. చేరిపోయింది.

కాసేపటికి మా ఆవిడ దిగడం మొదలుపెట్టింది. ఆవిడ చెప్పుల చప్పుడు నాకు తెలుసు. కానీ దాని వెనకే… ఇంకో జత కాళ్ళు. చెప్పులు లేనివి. ఇన్నాళ్ళలో పెద్దమ్మ ఎక్కడమే విన్నాను. దిగడం ఎప్పుడూ వినలేదు.

పన్నెండు… పదకొండు… పది…

ఏమీ తడబాటు లేదు. రెండు జతలూ ఒకదాని వెనక ఒకటి. నేను కళ్ళు మూసుకున్నాను.

మూడు… రెండు… ఒకటి…

మా ఆవిడ నేల మీదికి దిగింది. ఒక్కతే. నా పక్కనుంచి నడిచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది, ఏమీ విననట్టు.

రెండో చప్పుడు ఆగలేదు.

మెట్లు అయిపోయాయి, నేల వచ్చేసింది, అయినా ఆ కాళ్ళు దిగుతూనే ఉన్నాయి. గచ్చు కిందనుంచి వస్తోంది చప్పుడు. ఇంకో మెట్టు. ఇంకోటి. నా పీట కిందుగా, మిషను కిందుగా, ఇంకా కిందికి… లెక్క లేదు ఇప్పుడు. మధ్యమధ్య ఆగుతోంది. వెనకాల నేను వస్తున్నానేమోనని చెవి పెట్టి విన్నట్టు. మళ్ళీ దిగుతోంది.

రాత్రంతా విన్నాను. ఇవాళ పగలంతా విన్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా, చెవి నేలకి ఆనిస్తే వినపడుతోంది, చాలా లోతున. ఒక్క మెట్టు దగ్గర కూడా కాలు తడబడటం లేదు.

మా ఇంటి కింద గది లేదు. ఆ మెట్లు ఎవరు కట్టారో నాకు తెలియదు.